కాపరి చేతిని కట్టని నియమావళి నియమావళి కాదు



క్రొత్తగా సంఘము స్థాపించిన యౌవన సేవకులు మమ్మును తరచుగా ఒక మాట అడుగుతుంటారు. "అయ్యగారూ, సంఘానికి బైలాస్ వ్రాయించాలంటున్నారు. మీ దగ్గర మోడల్ కాపీ ఏదైనా ఉంటే ఇవ్వండి, పేర్లు మార్చి పెట్టేసుకుంటాము." అడగడంలో తప్పు లేదు. కాని "పేర్లు మార్చి" అన్న ఆ రెండు మాటలు మమ్మును కలవరపెడుతున్నాయి. ఎందుకంటే మారిన పేర్లు ఎవరివో మనందరికీ తెలుసు. అధ్యక్షుడు పాస్టరు గారు. కార్యదర్శి అమ్మగారు. కోశాధికారి పెద్దబ్బాయి. సభ్యులు బావమరిది, తోడల్లుడు, చెల్లెలు, మేనల్లుడు. లెక్క సరిగ్గా ఏడు. క్రింద ఒక వాక్యము: వ్యవస్థాపక అధ్యక్షుడు జీవితకాలము పదవిలో ఉంటాడు, ఆయన తరువాత ఆయన సూచించినవారు ఉంటారు. నాలుగు పేజీలు టైపు కొట్టించి, జిల్లా రిజిస్ట్రారు కార్యాలయములో నంబరు వేయించుకొని, ఆ సర్టిఫికెట్టును ఫ్రేము కట్టించి మందిరపు గోడకు తగిలిస్తారు. ఆ గోడ కట్టడానికి ఇటుకలు మోసిన విశ్వాసులలో ఒక్కరి పేరైనా ఆ కాగితములో ఉండదు.

దీనిని సంఘ నియమావళి అనకూడదని మేము గట్టిగా చెప్తున్నాము. దీనికి సరియైన పేరు కుటుంబ ఆస్తి పత్రము. సంఘ నియమావళి మొట్టమొదట కాపరి చేతిని కట్టాలి. ఆ పని చేయనిది, మిగతా ఎన్ని పనులు చేసినా, వ్యర్థమే. ఈ మాట కొందరికి చేదుగా ఉంటుందని ఎరిగియే వ్రాస్తున్నాము. దయచేసి చివరివరకు చదవండి.

"ఆత్మ నడిపిస్తుంటే కాగితమెందుకు?"

నియమావళి అసలు వద్దనేవారి మొదటి మాట ఇది. వినడానికి ఎంతో ఆత్మీయముగా ఉంటుంది. మరి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయము తెరచి చూడండి. సున్నతి విషయములో వివాదము వచ్చినప్పుడు అపొస్తలులు, పెద్దలు యెరూషలేములో కూడుకొన్నారు. పేతురు మాట్లాడాడు, పౌలు బర్నబాలు సాక్ష్యమిచ్చారు, యాకోబు ముగించాడు. ఆ తరువాత ఏమి చేశారు? ఉత్తరము వ్రాశారు. వ్రాసి, బర్సబ్బా అను యూదా చేతికి, సీల చేతికి ఇచ్చి అంతియొకయకు పంపారు. ఆ తీర్మానము పరిశుద్ధాత్మకును తమకును ఇష్టమైనదని అదే ఉత్తరములో 28వ వచనములో వ్రాసుకున్నారు. ఆత్మ నడిపింపు ఎంతో ఉన్న ఆ సభ తన నిర్ణయమును కాగితము మీద పెట్టింది. అంతియొకయ సంఘమంతటినీ కూర్చి చదివి వినిపిస్తే వారు సంతోషించారు. కాగితమును చూచి ఆత్మ పారిపోలేదు.

క్రొత్త సంఘము సంగతే చూద్దాము. క్రేతులో సంఘములు అప్పుడప్పుడే పుట్టాయి. పౌలు తీతును అక్కడ ఎందుకు విడిచి వెళ్ళాడు? లోపముగా మిగిలినవాటిని చక్కపెట్టడానికి, ప్రతి పట్టణములో పెద్దలను నియమించడానికి (తీతు 1:5). ఆ తరువాతి వచనాలలో పెద్ద ఎలాంటివాడై ఉండాలో ఒక్కొక్క లక్షణము చొప్పున వ్రాసి ఇచ్చాడు. "తీతూ, నీకు ఆత్మ తోచినట్లు చేయి" అని ఊరుకోలేదు. మొదటి తిమోతి 3వ అధ్యాయము కూడ అటువంటిదే. 

అసలు "ఆత్మ నడిపిస్తాడు" అన్న మాట మన మధ్య ఎవరి నోట వస్తున్నదో గమనించారా? లెక్క చూపమని అడిగే విశ్వాసి నోట ఎప్పుడూ రాదు. లెక్క చూపవలసినవాని నోటనే వస్తుంది.

"ఇది దేవుడు నాకిచ్చిన పరిచర్య"

రెండవ మాట ఇంకా బలమైనది. "ఎండలో సైకిలు తొక్కుకుంటూ ఊరూరు తిరిగి సువార్త చెప్పినది నేను. రాళ్ళు తిన్నది నేను. పాకలో ముగ్గురితో మొదలుపెట్టినది నేను. ఇప్పుడు కమిటీ వేసి నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారా?"

ఈ మాట వెనుక నిజమైన కష్టమున్నది. దానిని మేము చులకన చేయము. గ్రామాలలో సేవ చేసినవారికి దాని బరువు తెలుసు. అయితే కష్టపడినవాడు యజమాని అవుతాడని లేఖనము ఎక్కడా చెప్పలేదు. పౌలు నాటాడు, అపొల్లో నీళ్ళు పోశాడు, వృద్ధి కలుగజేసినవాడు దేవుడు. నాటినవాడు పొలము తన పేరున వ్రాయించుకోలేదు.

ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయములో ఇశ్రాయేలుకు ఇంకా రాజే లేడు. రాజు రాకమునుపే రాజు కొరకు నియమములు వ్రాయబడ్డాయి. గుఱ్ఱములను విస్తారముగా సంపాదించుకొనకూడదు, వెండి బంగారములను విస్తరింపజేసికొనకూడదు. అంతేకాదు, సింహాసనము ఎక్కిన తరువాత ఆ ధర్మశాస్త్రమునకు ఒక ప్రతి తానే వ్రాసుకోవాలి, బ్రదుకు దినములన్నిటను చదువుకోవాలి. ఎందుకు? తన సహోదరులమీద తన హృదయము గర్వించకుండునట్లు (17:20). గమనించండి, ఆ నియమము ప్రజలను కట్టడానికి రాజు చేతికి ఇచ్చినది కాదు, రాజును కట్టడానికి ఇచ్చినది.

సమూయేలు దినములలో ఆ మాట నెరవేరింది. సౌలు మిస్పాలో రాజుగా నిలబడిన దినమే సమూయేలు రాజ్యపాలన పద్ధతిని జనులకు వినిపించి, ఒక గ్రంథములో వ్రాసి, యెహోవా సన్నిధిని ఉంచాడు (1 సమూయేలు 10:25). మొదటి దినమే వ్రాశాడు, పదేళ్ళు పోయాక గొడవలు వచ్చినప్పుడు కాదు. సమూయేలుకు ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో ఆయన ఇంటిలోనే సాక్ష్యమున్నది. ముసలితనములో ఆయన తన కుమారులను న్యాయాధిపతులుగా నియమించాడు. వారు లంచములు పుచ్చుకొని న్యాయమును త్రిప్పివేశారు (8:1-3). సమూయేలంతటి ప్రార్థనాపరుని ఇంటిలోనే ఇది జరిగితే, "మా అబ్బాయి చాలా ఆత్మీయుడండీ" అన్న మాట మీద మనము సంఘమును నిలబెట్టవచ్చునా?

జాన్ వెస్లీ పేరు చెప్పి కొందరు వాదిస్తారు. 1739లో బ్రిస్టల్‌లో మొదటి కూటముల గది కట్టినప్పుడు వెస్లీ పదకొండుమంది ధర్మకర్తలను పెట్టి, ఆ తరువాత వైట్‌ఫీల్డ్ సలహా మీద ఆ ఏర్పాటు రద్దుచేసి అంతా తన చేతిలోనికి తీసుకున్నాడు. నిజమే. ధర్మకర్తలు తననే బయటికి పంపివేయగలరన్నది అప్పటి భయము. కాని అదే వెస్లీ 1784లో, 80 ఏళ్ళ వయస్సులో, ఏమి చేశాడో కూడ చెప్పాలి కదా. తాను చనిపోతే ఆ మందిరములు ఎవరి చేతికి పోతాయో అన్న ప్రశ్నకు జవాబుగా ఒక దస్తావేజు వ్రాయించి, నూరుగురు బోధకుల పేర్లు అందులో పెట్టి, వారి సభకు అధికారమిచ్చి, లండను న్యాయస్థానములో నమోదు చేయించాడు. తమ పేరు లేదని కొందరు నొచ్చుకున్నారు. అయినా వెస్లీ వెనుకకు తగ్గలేదు. 1791లో ఆయన కన్నుమూశాడు. మెథడిస్టు సంఘము నిలిచింది. వెస్లీ 1739లో చేసినదానిని ఆదర్శముగా పెట్టుకునేవారు 1784లో చేసినదానిని కూడ ఆదర్శముగా పెట్టుకొనవలెనని మా మనవి.

అంత దూరమెందుకు, మన దోర్నకల్ సంగతి తీసుకోండి. అక్కడ 1912 నుండి బిషప్పుగా ఉన్న వేదనాయకం సామ్యూల్ అజరయ్య గారు దక్షిణ ఇండియా సంఘ ఐక్యత కొరకు ప్రయాసపడిన ముఖ్యులలో ఒకరు. 1919లో తరంగంబాడిలో మాటలు మొదలయ్యాయి. ఐక్యతా ప్రణాళికను వ్రాసి, దిద్ది, మరల వ్రాసి, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సి.ఎస్.ఐ. సంఘమును ప్రారంభించారు. మొత్తము 28 సంవత్సరములు. అజరయ్య గారు 1945 జనవరి 1న ప్రభువునొద్దకు వెళ్ళారు, ఆ దినము చూడలేదు. తాను ఎన్నడూ కూర్చోని కుర్చీల కొరకు ఆయన అంత ప్రయాసపడ్డారు. మనమేమో మన కుర్చీని మన తరువాత మన ఇంటివారికే మిగిల్చే వాక్యమొకటి చాలనుకుంటున్నాము.

ఏడుగురు ఎవరు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోను సంఘములు ఎక్కువగా 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము క్రింద నమోదవుతున్నాయి. దానికి కనీసము ఏడుగురు కావాలి. ఏడు అన్న సంఖ్య వినగానే బైబిలు చదివినవారికి అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయము గుర్తు రావాలి.

అక్కడ గొడవ ఏమిటి? అనుదిన పరిచర్యలో గ్రీకుభాష మాట్లాడేవారి విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచుకొమ్మని సంఘమునకే చెప్పారు. సంఘము ఎన్నుకున్న పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. చివరివాడైతే యూదుల మతములో క్రొత్తగా చేరిన అంతియొకయవాడు. ఎవరి విధవరాండ్రకు అన్యాయము జరిగిందో వారివైపు మనుష్యుల చేతికే బల్లల పని అప్పగించబడింది. పేతురు సహోదరుడైన అంద్రెయ పేరు అందులో లేదు, యాకోబు యోహానుల బంధువుల పేర్లు లేవు. 

మన ఏడుగురిలో అటువంటివారు ఎందరున్నారు? చివరి వరుసలో కూర్చునే కూలి మనిషి ఉన్నాడా? స్త్రీల కూటమి నడిపించే విధవరాలు ఉన్నదా? పాస్టరు గారితో ఒకప్పుడు విభేదించి అయినా సంఘము విడువని సహోదరుడు ఉన్నాడా? ఒకే ఇంటినుండి ఒకరికంటే ఎక్కువమంది కమిటీలో ఉండకూడదని, కాపరి ఇంటివారెవరూ కోశాధికారిగా ఉండకూడదని నియమావళిలో వ్రాయండి. ఈ రెండు వాక్యములు వ్రాయడానికి లాయరు అవసరము లేదు, ధైర్యము అవసరము.

ఇది మర్యాద కొరకు చెప్పే మాట కాదు. ఆ చట్టము 23వ సెక్షను ప్రకారము సొసైటీలో వివాదము వస్తే సభ్యుడెవరైనా మధ్యవర్తిత్వమునకు గాని జిల్లా కోర్టుకు గాని వెళ్ళవచ్చు. సభ్యుడు! ఇరవై ఏళ్ళుగా ఆదివారము తప్పక వచ్చి, దశమభాగమిచ్చి, బాప్తిస్మము పొంది, బల్లలో పాలు పొందుతున్న విశ్వాసి పేరు సొసైటీ సభ్యుల పట్టికలో లేకపోతే చట్టము దృష్టిలో ఆయన సభ్యుడు కాడు, వచ్చి పోయే మనిషి. తలుపు తట్టే హక్కు కూడ లేకుండా మనము ఆయనను బయట నిలబెట్టాము. అందుచేత సంఘ సభ్యుడెవరు, ఎన్ని ఏళ్ళు నిండితే ఓటు, ఏ కారణము చేత ఏ విధముగా పేరు తీసివేయబడుతుంది అన్నది స్పష్టముగా వ్రాయాలి.

ఇక్కడ ఒక బాధాకరమైన విషయము దాచకుండా చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకే ఇవ్వబడింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు నేటికీ బయటనే ఉన్నారు. అందుచేత మన పల్లెలలో ఎందరో విశ్వాసులు పిల్లల చదువు, ఉద్యోగము తలంచుకొని సంఘ రిజిస్టరులో పేరు వ్రాయించడానికి జంకుతున్నారు. వారిని నిందించే అర్హత మనకు లేదు, ఆ భారమును వారి నెత్తిన పెట్టినది వారు కాదు. అయితే ఈ భయమును అడ్డుపెట్టుకొని "ఎవరూ ముందుకు రాలేదండీ, అందుకే మా ఇంటివాళ్ళనే పెట్టాము" అనేవారిని మాత్రము మేము ఒప్పుకోము. సంఘమంతటినీ కూర్చోబెట్టి, విషయము విప్పి చెప్పి, సంతకము పెట్టితే ఏమి జరుగునో, పెట్టకపోతే ఏమి జరుగునో తెలియజేసి అడిగారా? అడగకుండా ఒకని ఆధారు జిరాక్సు తీసుకొని అతనికి తెలియకుండా సభ్యునిగా చేర్చడము ఒక పాపము. అడగకుండానే విడిచిపెట్టడము మరొక పాపము. వెలుగులో అడిగితే నిలబడేవారు ప్రతి సంఘములోను ఉంటారు.

స్థలము ఎవరి పేరున ఉన్నది?

యిర్మీయా 32వ అధ్యాయము క్రొత్త సంఘము కట్టే ప్రతి సేవకుడు చదవాలి. బబులోను సైన్యము యెరూషలేమును ముట్టడివేసింది. ప్రవక్త చెరసాల ప్రాకారములో ఉన్నాడు. అటువంటి సమయములో అనాతోతులోని పొలమును హనమేలు దగ్గర పదియేడు తులముల వెండికి కొన్నాడు. వెండి తూచాడు, పత్రము వ్రాశాడు, ముద్రవేశాడు, సాక్షులను పిలిచాడు. ముద్రవేసినది ఒకటి, తెరచియుంచినది ఒకటి, రెండు ప్రతులు. అందరి యెదుట బారూకు చేతికిచ్చి, బహు దినములు ఉండునట్లు మంటికుండలో పెట్టమన్నాడు. పట్టణము కాలిపోవునని ప్రవచించిన నోటితోనే రిజిస్ట్రేషను పద్ధతి ప్రకారము చేయించాడు. ఆత్మీయులకు దస్తావేజులతో పనిలేదనేవారు యిర్మీయాకంటే ఆత్మీయులా?

మన దగ్గర జరుగుతున్నది చూడండి. ఒక విశ్వాసురాలు అయిదు సెంట్ల స్థలము మందిరానికని ఇస్తుంది. స్త్రీలు ప్రతిపూటా వంట బియ్యములోనుండి పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆ బియ్యము అమ్మిన డబ్బుతో రేకులు కొంటారు. దస్తావేజు మాత్రము పాస్టరు గారి సొంత పేరున అవుతుంది. "ఎవరి పేరున ఉంటే ఏమిటి, అంతా దేవునిదే కదా" అంటారు. దేవునిదే. కాని సబ్‌రిజిస్ట్రారు పుస్తకములో దేవుని పేరు లేదు. పాస్టరు గారు వీలునామా లేకుండ ప్రభువునందు నిద్రిస్తే, 1925 నాటి భారత వారసత్వ చట్టము 33వ సెక్షను ప్రకారము ఆయన పేరున ఉన్న ఆస్తిలో మూడవ వంతు భార్యకు, మిగిలిన రెండు వంతులు పిల్లలకు పోతుంది. సంఘమునకు ఏమి వస్తుంది? ఏమీ రాదు. అల్లుడు దుర్మార్గుడు కానక్కరలేదు. అప్పులపాలైన మంచి కుమారుడు చాలు, మందిరము అమ్మకానికి వస్తుంది. పిడికెడు బియ్యము దాచిన ముసలమ్మ ఆదివారము తాళము వేసిన తలుపు ముందు నిలబడుతుంది.

కాబట్టి స్థలము సొసైటీ పేరున గాని, సరిగా వ్రాసి రిజిస్టరు చేసిన ట్రస్టు పేరున గాని ఉండాలి. అమ్మకము, తాకట్టు, అద్దె ఏది చేయాలన్నా సర్వసభ్య సభలో హెచ్చు సంఖ్య ఒప్పుకోవాలి, ఆ సంఖ్య ఎంతో నియమావళిలో అంకెతో వ్రాయాలి. సంఘము ఎప్పుడైనా రద్దయితే ఆస్తిని ఎవరూ పంచుకొనకూడదని, అదే విశ్వాసము గల మరొక సంఘమునకు ఇవ్వాలని వ్రాయాలి. ఇంకొక మాట. మన కాలనీలలో చాలా మందిరములు ప్రభుత్వము పేదలకిచ్చిన ఎసైన్డు భూములలో ఉన్నాయి. వాటి బదిలీకి 1977 నాటి చట్టము అడ్డుకట్ట వేసింది. పునాది తీయకముందే ఆ సంగతి రెవెన్యూ కార్యాలయములో విచారించి తెలిసికొనుట మంచిది. ఎవరో ఒకరు తెల్ల కాగితము మీద వ్రాసి ఇచ్చినది నమ్మి లక్షలు పోయకండి.

డబ్బు, కాపరి జీవనము

పౌలు యెరూషలేము పేదలకు చందా తీసుకొనిపోయేటప్పుడు ఒక్కడే మోసుకొనిపోలేదు. సంఘములు ఏర్పరచిన సహోదరులను వెంట తీసుకొన్నాడు. తమమీద ఎవరూ తప్పు మోపకుండునట్లు, ప్రభువు దృష్టిలోనే గాక మనుష్యుల దృష్టిలో కూడ యోగ్యమైనది చేయాలని ఆలోచించాడు (2 కొరింథీ 8:18-21). పౌలు మీద అనుమానమా? కాదు. అనుమానమునకు తావు ఇవ్వకపోవడము పౌలు పరిశుద్ధత.

దీనిని మన భాషలో వ్రాస్తే నాలుగు వాక్యములు. కానుకల సంచి విప్పి లెక్కించేటప్పుడు కనీసము ఇద్దరు ఉండాలి, వారిలో కాపరి ఉండకూడదు. బ్యాంకు ఖాతా సంఘము పేరున, రెండు సంతకములతో ఉండాలి. మూడు నెలలకొకసారి జమాఖర్చులు సంఘములో చదవాలి. ఏడాదికొకసారి బయటివారిచేత ఆడిట్ చేయించాలి. ఫోను నంబరుకు కానుకలు పంపమని స్టేజి మీద చెప్తున్న ఈ దినములలో ఆ నంబరు సంఘ ఖాతాకే చెందినదై ఉండాలని కూడ వ్రాయండి.

అయితే విశ్వాసులారా, ఇక్కడ మీతో కూడ ఒక మాట. సువార్త ప్రకటించేవారు సువార్తవలన జీవించాలని ప్రభువే నియమించాడు (1 కొరింథీ 9:14). కాపరికి నెలకు ఎంత, పిల్లల చదువుకు ఎంత, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు, ముసలితనములో ఎక్కడ ఉంటాడు, ఆయన చనిపోతే భార్యను ఎవరు పోషిస్తారు? ఇవి మీరు వ్రాయరు. వ్రాయకుండ "దేవుడే చూసుకుంటాడు అయ్యగారూ" అంటారు. తరువాత ఆయన స్థలము తన పేరున పెట్టుకుంటే ఆశ్చర్యపోతారు. ఆ పని తప్పే. కాని రేపటి అన్నమునకు భరోసా లేని మనిషిని శోధనలో నిలబెట్టినది మీరు కూడ. కాపరి చేతిని కట్టే నియమావళి కాపరి కడుపును కూడ చూడాలి. జీతము, సెలవు, విరమణ వయస్సు, విధవరాలి పోషణ అంకెలతో వ్రాయండి. అప్పుడు ఆయనను లెక్క అడిగే హక్కు మీకు నిండుగా ఉంటుంది.

తప్పు చేసినప్పుడు

ఏ నియమావళిలోనైనా మేము మొదట వెదకేది ఒక్క పేజీ. కాపరి తప్పు చేస్తే ఏమి చేయాలి? విశ్వాసి తప్పిపోతే ఏమి చేయాలో చాలావాటిలో వివరముగా ఉంటుంది. కాపరి పేజీ ఖాళీ. మొదటి తిమోతి 5:19-20 రెండు వైపులా పదును గల మాట. పెద్దమీద దోషారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా తీసుకొనకూడదు. ఇది కాపరికి రక్షణ. అయితే పాపము రుజువైతే అందరి యెదుట గద్దించాలి. ఇది సంఘమునకు రక్షణ. మన సేవకులు మొదటి వచనము మీద ప్రసంగాలు చేస్తారు, రెండవది చదవనే చదవరు. "అభిషక్తుని ముట్టకూడదు" అన్న కేకతో స్త్రీలకు జరిగిన అన్యాయము కూడ మూసిపెట్టిన చోట్లు ఉన్నాయి. చట్టము శిక్షించే నేరమైతే పోలీసులకు చెప్పడము సంఘ ద్రోహము కాదని కూడ నియమావళిలో స్పష్టముగా వ్రాయండి.

ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి, ఎన్ని దినములలో విచారించాలి, ఆ కాలములో కాపరి ప్రసంగపీఠమునకు దూరముగా ఉండాలా, నిర్ణయము ఎవరిది, పొరుగు సంఘముల పెద్దలను మధ్యవర్తులుగా పిలిచే మార్గమేది, అన్నీ ముందే వ్రాయాలి. మత్తయి 18వ అధ్యాయములో ప్రభువు చెప్పిన మెట్లు మూడే: ఒంటరిగా, ఇద్దరు ముగ్గురితో, సంఘముతో. ఆ మూడవ మెట్టు ఎక్కాలంటే సంఘము అన్నది ఒకటి ఉండాలి కదా. కుటుంబమే సంఘమైన చోట ఎవనికి చెప్తావు? యోహాను మూడవ పత్రికలోని దియొత్రెఫే ఇలాంటివాడే. ప్రధానత్వము కోరాడు, అపొస్తలుని మాటనే అంగీకరించలేదు, సహోదరులను చేర్చుకొనువారిని సంఘములోనుండి వెలివేశాడు. అతనిని ఆపే మెట్టు అక్కడ లేకపోయింది, యోహాను స్వయముగా వచ్చినప్పుడు చూస్తానని వ్రాయవలసి వచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న న్యాయముగానే వస్తుంది. "పెద్ద పెద్ద రాజ్యాంగములున్న డినామినేషన్లే కోర్టుల చుట్టూ తిరుగుతున్నాయి కదా! వాళ్ళకు కాగితాలు తక్కువా?" తక్కువ కాదు. కాగితము ఎవరినీ పరిశుద్ధుని చేయదు, ధర్మశాస్త్రమే చేయలేకపోయింది. అయితే తేడా చూడండి. నియమమున్న చోట జరిగే తగాదాలో "నీవు ఈ నియమము మీరావు" అని ఒక సాధారణ విశ్వాసి వ్రేలు పెట్టి చూపగలడు. నియమము లేని చోట అతడు ఏడ్చుకుంటూ ఇంటికి పోతాడు, లేదా మరొక పాక వేసి మరొక సంఘము మొదలుపెడతాడు. ఒకే పల్లెలో అయిదు బోర్డులు ఎలా వచ్చాయని అన్యజనులు మనలను అడుగుతున్నారు. వాటిలో ఎన్ని సిద్ధాంతము కొరకు చీలాయో, ఎన్ని లెక్కల కొరకు చీలాయో మన మనస్సాక్షికే తెలుసు.

తెలుగులో వ్రాయండి, చదివి వినిపించండి

చివరిగా, ఆ నియమావళి ఇంగ్లీషులో మాత్రమే ఉంటే అది విశ్వాసుల దగ్గర దాచిన కాగితమే. ఇంగ్లీషు ప్రతి కావలసివస్తే ఉంచుకోండి, సంఘము ఒప్పుకొని సంతకము పెట్టేది మాత్రము తెలుగు ప్రతి కావాలి. నెహెమ్యా 8వ అధ్యాయములో గ్రంథమును స్పష్టముగా చదివి, అర్థము చెప్పి, జనులు గ్రహించునట్లు చేశారు. ఆ తరువాతనే 10వ అధ్యాయములో పేర్లతో ముద్రవేశారు. మొదటి పేరు ఎవరిదో తెలుసా? అధిపతియైన నెహెమ్యాది. ముందు తాను బంధించుకొని, ఆ తరువాత ప్రజలను పిలిచాడు.

మీరు కూడ మూడు ఆదివారములు ఆరాధన తరువాత ఒక్కొక్క భాగము చదవండి. చదువురానివారు ప్రశ్నలు అడగనివ్వండి. "స్థలము ఎవరి పేరున ఉంటుంది బాబూ?" అని ఒక అవ్వ అడిగితే విసుగుకొనకండి, అందులోని ప్రశ్నలన్నిటిలో అదే పెద్దది. ఉపవాసముతో ప్రార్థించి నాలుగవ ఆదివారము ఓటు వేయండి. అరవై పేజీలు వ్రాయవద్దు. కుర్చీలు ఎవరు సర్దాలో కూడ నియమము పెట్టేవారు ఉన్నారు, అది వేరొక రోగము. పది పన్నెండు పేజీలలో ఈ సంగతులన్నీ పడతాయి.

తోటి సేవకులారా, సంఘము ఇంకా చిన్నదిగా ఉన్నప్పుడే, ఆస్తి ఇంకా రేకుల షెడ్డుగా ఉన్నప్పుడే, మీ పిల్లలు ఇంకా బడిలో ఉన్నప్పుడే ఇది వ్రాయండి. స్లాబు పడిన తరువాత, కారు వచ్చిన తరువాత, అబ్బాయి మైకు పట్టిన తరువాత ఈ నియమములు వ్రాయడానికి మీ చేయి రాదు. ఇదివరకే కుటుంబ పట్టికతో రిజిస్టరు చేయించినవారు కూడ నిరాశపడనక్కరలేదు. సర్వసభ్య సభ పెట్టి సభ్యులను చేర్చుకొని, నియమములు సవరించి, మరల దాఖలు చేసే మార్గము చట్టములో ఉన్నది. మీరు బ్రదికియుండగానే అది చేయండి. మంద తనది కాదని ఎరిగినవాడే మంచి కాపరి అని మేము నమ్ముతున్నాము, ఆ మందను తన సొంత రక్తమిచ్చి కొన్నవాడు వేరొకడున్నాడు. ప్రధాన కాపరి ప్రత్యక్షమైనప్పుడు మన సర్టిఫికెట్టు నంబరు అడగడు, తన గొఱ్ఱెలను ఎవరి చేతిలో పెట్టి వచ్చావని అడుగుతాడు.

విశ్వాసులారా, ఈ ఆదివారము ఆరాధన అయిన తరువాత మర్యాదగా, ప్రేమతో మీ కాపరిని అడగండి: "అయ్యగారూ, మన సంఘ నియమావళి ఒక్కసారి చదివి వినిపిస్తారా?" ఆయన సంతోషముగా తెచ్చి చదివితే దేవునికి స్తోత్రము చెల్లించండి, ఆయన కొరకు ఇంకా ఎక్కువగా ప్రార్థించండి. కోపపడితే కూడ ప్రార్థించండి, అయితే అడగడము మానవద్దు.

ప్రార్థన: ప్రధాన కాపరివైన ప్రభువా, నీ మందను మా సొత్తుగా ఎంచకుండ మమ్మును కాపాడుము. లెక్క అడుగువారిని శత్రువులుగా కాక సహోదరులుగా చూచు హృదయము మాకు దయచేయుము. క్రొత్తగా పుట్టిన ప్రతి సంఘమును వెలుగులో నడిపించుము. పిడికెడు బియ్యము దాచిన చేతులకు అన్యాయము జరుగనియ్యకుము. యేసు నామమున వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.